తొలకరి ముంచుకొచ్చేలోపు జామాయిల్ కర్ర రోడ్డెక్కించడం: నా అనుభవం

మాది ఖమ్మం జిల్లా, సత్తుపల్లి వైపు. 2021 ఆగస్టులో వేసిన ఐదెకరాల క్లోన్ జామాయిల్ మొదటి కోత 2025 మేలో కొట్టించాం. ఎప్పుడు కొట్టాలి, రేటెంత అని ఎవర్నడిగినా గంట సేపు చెప్తారు గానీ కొట్టిన కర్ర చేలోంచి తారు రోడ్డు దాకా ఎలా వస్తుందో ఒక్కళ్ళు చెప్పరు. మాకు అసలు కథంతా అక్కడే నడిచింది, అందుకే రాస్తున్నా.

మా చేను ఎర్ర చల్క. వాన పడ్డా పూట గడిస్తే ఆరిపోతుంది. కానీ చేనుకీ రోడ్డుకీ మధ్య ముప్పావు కిలోమీటరు డొంక ఉంది, అందులో సగం నల్లరేగడి. ఎండాకాలం ట్రాలీ నిండా లోడు ఉన్నా ట్రాక్టర్ థర్డ్ గేర్లో పోతుంది దాని మీద. డొంక మధ్యలో ఓ వంపు, ఆ వంపులోనే పిల్లకాలువ తూము. లోడు ట్రాలీ అక్కడ తిరగదు, అందుకని అందరూ పక్కన మామయ్య వాళ్ళ చేను మూల మీదుగా అడ్డంగా పోతారు. వేసవిలో చేలన్నీ ఖాళీ కాబట్టి ఎవరూ ఏమీ అనరు. తొలకరి పడి ఆయన పత్తి విత్తనం పెట్టాడంటే మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే. మామూలుగా మా వైపు జూన్ రెండో వారం దాకా టైం ఉంటుంది, మృగశిర వచ్చాక గానీ ఎవరూ విత్తనం ముట్టుకోరు. ఆ లెక్కనే మేం మే నెల పెట్టుకున్నాం.

ఏప్రిల్లోనే రేట్లు అడగడం మొదలెట్టాం. రెండు దారులు ఉంటాయి. ఒకటి కాంట్రాక్టర్‌కి చెట్టు మీదే టన్ను రేటుకి ఇచ్చేయడం, కొట్టుకోవడం తోలుకోవడం అంతా వాడిదే, మనం కాటా చీటీలు చూసుకుని డబ్బులు తీసుకోవడమే. రెండోది మనమే మేస్త్రిని పెట్టి కొట్టించి లారీ మాట్లాడి పేపర్ మిల్లుకి తోలడం. మా ఏరియా కర్ర కొంత సారపాక పోతుంది, కొంత రాజమండ్రి పోతుంది, మధ్యలో చిన్నా చితకా డిపోలు కూడా ఉన్నాయి. కాంట్రాక్టర్ చెప్పిన రేటుకీ మిల్లు గేటు రేటుకీ తేడా చూస్తే మనమే తోలుకుంటే టన్నుకి ఏడెనిమిది వందలు మిగిలేలా కనపడింది. చెల్లి కాలేజీ ఫీజు టైం దగ్గర పడుతోంది, నాన్న సరే మనమే చేద్దాం అన్నాడు. జామాయిల్‌కి టేకులాగా ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ గొడవ ఏమీ లేదు, పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ఇస్తే మిల్లు వాళ్ళ ఫీల్డ్ మనిషి వచ్చి చేను చూసి పేరు రాసుకుని పోయాడు. కాగితాల పని అక్కడితో అయిపోయింది, అది మాత్రం నిజంగా సులువు.

మేస్త్రి మే 5కి వస్తానన్నాడు. ఇరవై వేలు అడ్వాన్సు, ఒక బస్తా బియ్యం, తాగడానికి నీళ్ళ డ్రమ్ము, పడుకోవడానికి టార్పాలిన్లు, ఇవన్నీ ముందే ఒప్పుకోవాలి. కొట్టి, తొక్క తీసి, కుప్ప పెట్టినందుకు టన్నుకి 1,100. కూలీలు ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, మిర్చి కోతలకి వచ్చి అవి అయిపోయాక ఇలా కర్ర పనికి ఆగినవాళ్ళు. 5 పోయింది, 8 పోయింది, ఫోన్ చేస్తే "బాబూ, అక్కడ ఇంకో రెండెకరాలుంది, అదైపోగానే మీదే" అంటాడు. 12న దిగారు. ఆ వారం రోజుల విలువ ఎంతో అప్పుడు తెలీలేదు మాకు.

దిగిన రోజే ఇంకో మెలిక. చేను ఒక పక్కగా కరెంటు లైను పోతుంది, ఆ వరసల్లో చెట్లు కొడితే తీగల మీద పడతాయి. లైన్‌మ్యాన్‌ని బతిమాలి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా ఆ లైనుకి కరెంటు ఆపించడం) తీసుకోవాల్సి వచ్చింది, అదీ పొద్దున ఆరు నుంచి ఏడు దాకా గంటే ఇచ్చాడు. ఆ గంటలో ఇద్దరు చెట్టుకి తాడు కట్టి లోపలికి లాగుతుంటే ఒకడు మిషన్ రంపం పెట్టడం, చూస్తుంటే నాకు గుండె దడ. రెండు పూటలు అలా చేస్తే గానీ ఆ వరసలు అవ్వలేదు. చేను పక్కన లైన్లు ఉన్నవాళ్ళు ఈ సంగతి మేస్త్రి వచ్చాక కాదు, వారం ముందే మాట్లాడుకోండి.

తొక్క సంగతి కూడా నాకు కొత్తే. పొద్దున పడేసిన చెట్టుకి ఆ సాయంత్రంలోపే తొక్క లాగేయాలి. కత్తి మొనతో ఒక చోట లేపి పట్టుకుని లాగితే చెట్టు పొడుగునా సర్రున పట్టీలాగా వచ్చేస్తుంది, లోపల కర్ర తెల్లగా తడితడిగా చేతికి జారుతూ ఉంటుంది. అదే రేపటికి వదిలేస్తే కర్రకి కరుచుకుపోయి చెక్కాల్సి వస్తుంది, అప్పుడు కూలీ రేటు వేరే అడుగుతారు. అందుకే ఎంత తొక్క తీయగలరో అంతే కొడతారు రోజూ. తొందరపెట్టినా లాభం లేదు. వాన పడితే చెట్టులో నీరెక్కి తొక్క ఇంకా సులువుగా వస్తుంది, కూలీలకి వాన మంచిదే, బండికి మాత్రం వాన చావు. ఈ రెండింటి మధ్య మనం.

ఇంకొకటి తూకం. తొక్క తీసిన కర్ర ఎండలో పెడితే రోజురోజుకీ బరువు పోతుంది. మిల్లు డబ్బులిచ్చేది టన్నుకి కాబట్టి కుప్ప చేలో ఎన్ని రోజులుంటే అంత మన జేబులోంచి పోయినట్టే. కాబట్టి కొట్టిన కర్ర కొట్టినట్టు తోలేయాలి. చెప్పడానికి బానే ఉంటుంది, కానీ లారీ చేలోకి రాదు. పది టైర్ల లారీ బండితో కలిపి ఇరవై ఎనిమిదిన్నర టన్నులు లాగొచ్చు రూలు ప్రకారం, ఆ బరువుతో డొంకలో దిగేదెవడు. ట్రాక్టర్ మీద తారు రోడ్డు పక్కకి చేర్చి, అక్కడ కుప్ప పోసి, మళ్ళీ లారీకి ఎత్తాలి. ట్రాక్టర్‌కి టన్నుకి 300, ముఠాకి ఎత్తుడు కూలి 200, లారీ కిరాయి 650. కర్రని రెండు సార్లు ఎత్తి రెండు సార్లు దించడం అన్నమాట.

మొదటి లారీ మే 19న బయల్దేరింది. ఊరి కాటా మీద పద్దెనిమిది టన్నుల పైచిలుకు వచ్చింది, నాన్న చీటీని మడిచి జేబులో పెట్టుకుని రెండు మూడు సార్లు తీసి చూసుకున్నాడు. మిల్లు దగ్గర లైను. వానల ముందు మిల్లులు స్టాకు నింపుకుంటాయి, రైతులు కూడా వానల ముందే తోలాలని చూస్తారు, అందరూ అదే పదిహేను రోజుల్లో గేటు మీద పడతారు. మా బండికి ఒకటిన్నర రోజు పట్టింది లోపలికి పోయి ఖాళీ అయి రావడానికి. డ్రైవర్ వెయిటింగ్ అని రోజుకి 1,500 అడిగాడు, అది ముందు మాట్లాడుకోలేదు, వెయ్యికి ఒప్పించాం. మిల్లు కాటాకీ మా ఊరి కాటాకీ 160 కిలోల తేడా. కర్ర దారిలో ఆరిందో, కాటాల్లో తేడానో, అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు.

లారీ అక్కడ ఇరుక్కుంటే ఇక్కడ రోడ్డు పక్క కుప్ప పెరిగిపోతుంది, జాగా అయిపోతుంది, ట్రాక్టర్ ఆగిపోతుంది, చేలో కుప్పలు అలాగే ఉండిపోతాయి. మిల్లు గేటు దగ్గర ఆలస్యం అయితే అది మా చేలో కనపడుతుంది. నేను రెండో లారీ కోసం తెలిసిన ప్రతి బ్రోకర్‌కీ ఫోన్ చేశా, అందరూ రేపు అనేవాళ్ళే.

మే 22 సాయంత్రం గాలివాన. గంట పడి ఆగింది. అసలు ఆ మే నెలంతా అలాగే ఉంది, ఎండలు లేవు, మధ్య మధ్య వానలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఏడాది రోహిణి రాకముందే మా డొంకలో నీళ్ళు నిలిచాయి. 24న టీవీలో రుతుపవనాలు కేరళని తాకేశాయని చెప్పారు, మామూలుగా జూన్ 1, ఎనిమిది రోజులు ముందు. 2009 తర్వాత ఇంత తొందరగా రావడం ఇదే మొదలంట. నాన్న అన్నం ముందు కూర్చుని ఆ వార్త విని కంచం పక్కకి నెట్టాడు. ఒరేయ్ ఇంకా సగం చేలోనే ఉందిరా అన్నాడంతే.

ఆ రాత్రి నుంచి ఊళ్ళో ఒక్క ట్రాక్టర్ ఖాళీ లేదు. కర్ర ఉన్నవాళ్ళు కర్రకి, ఎరువు తోలేవాళ్ళు ఎరువుకి, అందరికీ ఒకేసారి తొందర. 300 ఉన్న రేటు 450 అయింది. మా ట్రాక్టర్ కుర్రాడు మంచోడు, రేటు పెంచినా మాట మీద నిలబడ్డాడు. వాడి దగ్గర నేను ఒక పద్ధతి నేర్చుకున్నా. బండి డొంకలోకి దించేముందు గడ్డపార తీసుకుని రేగడి మొదలయ్యే చోట నుంచి నడుచుకుంటూ నాలుగైదు చోట్ల గుచ్చి చూస్తాడు. పైన పొర ఆరి పగుళ్ళు కనపడుతుంటుంది, చూడటానికి గట్టిగానే ఉంటుంది, గడ్డపార జానెడు కంటే ఎక్కువ దిగిందంటే మాత్రం "అన్నా, లోపల ఇంకా పచ్చిగానే ఉంది, పూట ఆగుదాం" అంటాడు. ఆగేవాళ్ళం. ఆ పూట ఆగడం ఎంత కష్టమో, మబ్బు వంక చూస్తూ ఫోన్‌లో వాతావరణం నొక్కుతూ, అది గంటకోసారి మారుస్తూనే ఉంటుంది.

25 రాత్రి గడ్డపార పరీక్ష పాసయింది గానీ వంపు దగ్గర నీడలో పచ్చి చోటు ఒకటి మిగిలిపోయింది. లోడు ట్రాలీ ఎడమ చక్రం అక్కడ దిగింది. ముందు నెమ్మదిగా ఒరిగింది, ట్రాక్టర్ ముందు చక్రాలు గాలిలోకి లేచాయి, కుర్రాడు టక్కున క్లచ్ తొక్కి దూకేశాడు. ఎవరికీ ఏం కాలేదు, అదే పదివేలు. రేగడి ఎలాంటిదంటే చక్రానికి అంటుకుని పొరలు పొరలుగా పెరిగి మడ్‌గార్డుకి కరుచుకుని చక్రం అసలు తిరగనివ్వదు, చక్రం నేల మీద ఈడ్చుకుపోతుంది అంతే. పలుగుతో గీకి గీకి తీశాం. వేరే ట్రాక్టర్‌ని నిద్ర లేపి తెచ్చి గొలుసు కట్టి లాగితే గొలుసు తెగింది. చివరికి సగం కర్ర అక్కడే దించేసి, చేలో మిగిలిన జామాయిల్ కొమ్మలు ఆకులతో సహా తెచ్చి అడ్డంగా పేర్చాం, మొదళ్ళు బయటికి, కొసలు మధ్యకి, మోకాలెత్తు. మొదట ఎవరో తొక్క పట్టీలు వేద్దాం అన్నారు, అవి తడిసి సబ్బులా జారాయి, పనికిరాలేదు. కొమ్మలు మాత్రం నిలబడ్డాయి. తెల్లారి నాలుగింటికి ట్రాలీ బయటికొచ్చింది. దమ్ము చక్రాలు (బురదలో దున్నే ఇనప చక్రాలు) వేసిన ట్రాక్టర్ పెట్టి లాగించమని కొందరు సలహా ఇచ్చారు, అది బురదలో బానే లాగుతుంది గానీ తారు రోడ్డు మీదకి రాకూడదు, రోడ్డు పాడవుతుంది, రోడ్డు అంచున మళ్ళీ ట్రాక్టర్ మార్చాలి. అంత ఓపిక ఎవరికీ లేదు.

పొద్దున రెండు ట్రాలీలు గ్రావెల్ కొమ్మల మీద పోయించా, ఒక్కోటి 1,400. దాని మీద ఇంకో పూట నడిచింది బండి. తర్వాత ముసురు పట్టుకుంది. ఇంక ఆపేశాం.

కూలీలు 27న వెళ్ళిపోయారు. వాళ్ళకీ ఊళ్ళో పొలాలుంటాయి కదా, వాన పడ్డాక ఒక్కరోజు కూడా ఆగరు, ఆగమని అడిగే మొహం కూడా మనకుండదు. అదృష్టం ఏంటంటే కొట్టడం తొక్క తీయడం దాదాపు అయిపోయింది, అంచున కొన్ని చెట్లు మాత్రం అలాగే నిలబెట్టేశాం. కానీ కొట్టిన దాంట్లో సగానికి కాస్త తక్కువ చేలోనే కుప్పలుగా ఉండిపోయింది. ఆ నాలుగైదు రోజులు నేను హైదరాబాద్ వెళ్ళి ఆఫీసు చేసుకున్నా, చేతులు కీబోర్డు మీద, మనసు డొంకలో. నాన్న రోజూ చేనుకి పోయి కుప్పల చుట్టూ తిరిగి వచ్చేవాడు, చేసేదేం లేకపోయినా. కర్ర మీద నల్లటి మచ్చలు వస్తున్నాయని ఫోటో పెట్టాడు. మొదళ్ళ నుంచి పిలకలు కూడా బయల్దేరుతున్నాయని ఇంకో ఫోటో. ఈ పిలకలే మాకు రెండో పంట, వీటి మీద ట్రాక్టర్ చక్రం ఎక్కితే విరిగిపోతాయి. అంటే ఇంకా ఆలస్యం చేస్తే దారి ఆరినా చేలో బండి తిప్పడమే నష్టం.

ఇక్కడ ఎవరూ అనుకోనిది జరిగింది. తొందరపడి వచ్చిన రుతుపవనాలు నెలాఖరుకి ఆగిపోయాయి. జూన్ మొదటి వారం మళ్ళీ ఎండ. తొందరగా వానొచ్చిందని విత్తనం పెట్టినవాళ్ళంతా మొలక మాడుతుందని తల పట్టుకున్నారు, మేం మాత్రం లోపల్లోపల సంతోషపడ్డాం, నిజం చెప్పాలి కదా. వాళ్ళల్లో మామయ్య కూడా ఉన్నాడు. మే 28న పత్తి పెట్టేశాడు, మా అడ్డదారి మూల మీద కూడా.

నాన్న వెళ్ళి అడగడానికి మొహమాటపడ్డాడు, నేనే వెళ్ళా. మామయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "మొలక కనపడతా ఉంటే బండి ఎట్టా తోలతావు అల్లుడూ" అన్నాడు. కోపంగా కాదు, బాధగా. నేను రెండు ప్యాకెట్ల విత్తనం, ఆ మూల మళ్ళీ దున్నించి అచ్చు తోలించే ఖర్చు ఇస్తానన్నా. ప్యాకెట్ 901 ఆ ఏడాది. ఆయన కాసేపు ఊరుకుని, ఎటూ ఆ మూల సగం మొలక రాలేదులే, ఒకే చక్రాల గాటిలో పోండి, రెండో గాటి పడిందంటే ఒప్పుకోను అన్నాడు. డబ్బులు ఆరోజే ఇచ్చేశా. ఆయన అడగకపోయినా ఇవ్వాల్సిందే, చుట్టరికం ఎటూ పోదు, పోయిన మొలక మాత్రం తిరిగి రాదు.

డొంకలో ఇంకో తమాషా. బురదలో పడ్డ చక్రాల గాళ్ళు ఎండకి రాయిలా గట్టిపడి మూరెడు లోతున ఉండిపోయాయి, ట్రాక్టర్ పొట్ట తగులుతోంది. బ్లేడు ట్రాక్టర్‌తో గంట చదును చేయిస్తే గానీ దారి అవ్వలేదు, 1,200. జూన్ 5న మళ్ళీ మొదలెట్టి మృగశిర దాటిన రెండ్రోజులకి చివరి ట్రాలీ రోడ్డెక్కింది. ఈసారి ఛత్తీస్‌గఢ్ వాళ్ళు లేరు కాబట్టి ట్రాలీకి ఎత్తడానికి ఊరి కూలీలు, టన్నుకి ఇంకో 250 అదనం. చేలో పిలకలు తొక్కకుండా రెండు వరసల మధ్య గాటిలోనే బండి నడిపించాం, కర్ర భుజాల మీద మోసుకొచ్చి ఎక్కించారు, అందుకే ఆ అదనం.

మిల్లు దగ్గర మాత్రం ఈసారి లైను లేదు, పొద్దున పోయిన బండి సాయంత్రానికి ఖాళీ. కానీ తూకం చూస్తే ఏడుపొచ్చింది. మొదటి లారీకి ఎంత ఎత్తు పేర్చామో దీనికీ అంతే ఎత్తు, అది పద్దెనిమిది దాటింది, ఇది పదిహేను కూడా రాలేదు. మధ్యలో అంత వాన పడినా కర్రకి పోయిన బరువు తిరిగి రాలేదు, పైన తడిసి పైనే ఆరిపోయింది.

లెక్క చూస్తే మొదటి సగానికి కాంట్రాక్టర్ రేటు కంటే టన్నుకి ఆరొందలు దాకా మిగిలింది. రెండో సగానికి గ్రావెల్, బ్లేడు, విత్తనం, అదనపు కూలీ, తగ్గిన తూకం అన్నీ పోను కాంట్రాక్టర్‌కి ఇచ్చి ఉన్నా అంతే వచ్చేదేమో. మా పక్కూరాయన కాంట్రాక్టర్‌కే ఇచ్చాడు, వాడు వాన మొదలవగానే మిషన్లు ఎత్తేసి పోయాడు, ఆయన కర్ర జూలైలో కూడా చేలోనే ఉంది, పిలకలు నడుమెత్తు లేచాయి దాని చుట్టూ. కాబట్టి మనమే చేసుకోవడం తప్పేం కాదనే నాకనిపిస్తుంది, కాకపోతే ఫిబ్రవరిలో మొదలెట్టగలిగితే. అప్పుడు ఎండ తక్కువ, తూకం నిలుస్తుంది, మిల్లు దగ్గర రద్దీ ఉండదు, కాకపోతే కూలీలంతా మిర్చిలో ఉంటారు, రేటు ఎక్కువ ఇస్తే గానీ రారు. ఎక్కువిచ్చినా మాకైన గ్రావెల్ ఖర్చులో తేలిపోతుంది.

మొదటి బిల్లు జూన్ 9న పడింది, చివరిది జూలై 4న. సన్న కొసలు ఇటుక బట్టీ ఆయన తీసుకున్నాడు, నిటారుగా ఉన్నవి ఏరి సెంట్రింగ్ కర్రలకి అమ్మాం, అదో చిన్న లాభం ఎవరూ ముందు చెప్పలేదు. ట్రాక్టర్ కుర్రాడికి ఇంకా నాలుగు వేలు బాకీ, "డబ్బులొద్దు అన్నా, ఆ అంచున నిలబెట్టిన చెట్లు కొట్టుకుంటా, మా ఇంటికి పందిరి వేయాలి" అన్నాడు. ఎల్‌సీ మాత్రం నువ్వే తెచ్చుకో అని చెప్పా.